కొట్టం ఖాళీ అయినా పాడే పాట



కృతజ్ఞతా కూటం అనగానే మన పల్లెల్లో జరిగేది మనకు తెలిసిందే. అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, ఇంటికి స్లాబు పడింది, ఆపరేషన్ బాగా జరిగింది. షామియానా వేస్తాం, వాక్యం చెప్తాం, భోజనాలు పెడతాం. ఇందులో తప్పేమీ లేదు. కాని మిరపతోట తెగులుకు పోయిన రైతు కూడా ఆ కూటంలో వెనక వరుసలో కూర్చుని ఉంటాడు. ఆయన ఏ మాటలతో దేవునికి వందనం చెప్పాలి? మనం నేర్పిన మాటలన్నీ వచ్చినవాటి లెక్కే కదా!

హబక్కూకు గ్రంథం మూడవ అధ్యాయం తీయండి. కల్దీయుల దండు రాబోతోందని ప్రవక్తకు తెలుసు. అంజూరం, ద్రాక్ష, ఒలీవ, చేను, గొఱ్ఱెల మంద, చివరికి కొట్టంలో పశువులు. ఆ కాలపు రైతు బ్రతుకంతా ఇంతే. ఒక్కటీ దాచకుండా అన్నీ పోయినట్టు చెప్పి, ఆ తర్వాతనే యెహోవాయందు ఆనందిస్తానంటాడు. మేము ఈ వరుసను గమనించమంటున్నాము. నష్టాన్ని దాటవేసి స్తుతిలోకి దూకలేదు. పైగా అది ఏకాంత ప్రార్థనగా మిగిలిపోలేదు. ప్రధాన గాయకునికి, తంతివాద్యాలతో పాడమని చివర సూచన ఉంది. ఖాళీ కొట్టం సంగతి సమాజమంతా కలిసి పాడాలన్నమాట.

ప్రసంగంలో "అయినను" అనగానే ముందు చెప్పిన బాధ కొట్టుకుపోతుంది. పద్యంలో అలా కాదు, రెండూ పక్కపక్కనే నిలబడతాయి. 13వ కీర్తన ఆరే వచనాలు. ఎంతకాలమని మొరపెట్టి, పాడతానని ముగుస్తుంది. 88వ కీర్తనైతే చీకటిలోనే ఆగిపోతుంది. అయినా దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసెయ్యలేదు.

మన భాషలోనూ ఈ దారి ఉంది. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చూడండి, పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. అంటరానితనపు అవమానాలు మింగిన జాషువా గారే 'క్రీస్తు చరిత్ర' రాశారు. దానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇప్పుడేమో కీబోర్డులో ఉన్న బీటుకే ప్రతి పాటా కుదరాలి. ఆ బీటుకు ఏడుపు కుదరదు, మరి.

నష్టం గురించి పాడితే విశ్వాసం సన్నగిల్లుతుందని కొందరు పెద్దలంటారు. వారిని గౌరవిస్తూనే, మేము ఒప్పుకోము. అలాగైతే హబక్కూకును ఏం చేద్దాం?

ఈసారి కోతపండుగకు పంట వచ్చినవారు వరి పనలు తెస్తారు. పంట పోయినవారు నాలుగు చరణాలు తీసుకురండి. ఛందస్సు అక్కరలేదు, మన అక్కలు నాట్లలో పాడే బాణీ చాలు. రాయడం రానివారు నోటితో చెప్పండి, సండేస్కూలు పిల్లలు రాసిపెడతారు.