అంకె బాగుంది, గురక ఆగలేదు

స్లీప్ అప్నియాకు సీపాప్ యంత్రం వాడుతున్నవాళ్ళలో కొందరికి గురక పూర్తిగా ఆగదు. ముక్కుకు మాస్కు, మాస్కుకు గొట్టం, గొట్టం చివర రాత్రంతా గాలి ఊదే యంత్రం ఉన్నా తెల్లవారుజామున మూడింటికి పక్కగదిలోకి శబ్దం వినిపిస్తూనే ఉంటుంది. ఈ ఫిర్యాదుకు చెన్నైలోనైనా, నెల్లూరులోనైనా, హైదరాబాదులోనైనా సాధారణంగా దొరికే జవాబు ఒకటే: తెర మీద ఏహెచ్‌ఐ అనే అంకె అయిదు లోపే ఉంది కదా, వైద్యం పనిచేస్తోంది, గురక సంగతి వదిలేయండి. యంత్రం అమ్మినవాళ్ళు ఈ మాట అంటారు. రద్దీగా ఉన్న ఓపీలో డాక్టర్లూ అంటారు. కొన్నాళ్ళకు రోగే ఇంట్లోవాళ్ళకు ఇదే పాఠం చెప్పడం మొదలుపెడతాడు. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు గానీ దాని మీద కట్టిన ఈ జవాబు మాత్రం తప్పు.

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. అంగిలి వెనకనున్న మెత్తటి భాగం, కొండనాలుక, నాలుక మొదలు కాస్త వెనక్కి జారి గాలిదారిని ఇరుకు చేస్తాయి. ఆ ఇరుకులోంచి గాలి వేగంగా పోతున్నప్పుడు మెత్తటి గోడలు అదురుతాయి. గురక అంటే ఆ అదురే. దారి మరింత ముడుచుకుంటే ఊపిరి సన్నగిల్లుతుంది, దాన్ని హైపాప్నియా అంటారు. పూర్తిగా మూసుకుపోయి పది సెకన్లకు తగ్గకుండా గాలి ఆగితే అప్నియా. ఇవి మూడు వేరు వేరు జబ్బులు కావు, ఒకే దారి ముడుచుకుపోవడంలో మూడు దశలు. సిడ్నీ వైద్యుడు కాలిన్ సలివన్ 1980లో ఒక రోగికి ముక్కు ద్వారా ఆపకుండా గాలిని ఊది, ఆ ఒత్తిడితోనే గొంతు గోడలు కూలకుండా నిలపవచ్చని చూపించాడు. మరుసటి ఏడాది లాన్సెట్ పత్రికలో అయిదుగురు రోగుల వివరాలు అచ్చయ్యాయి. వాళ్ళకు సరిపోయిన ఒత్తిడి 4.5 నుంచి 10 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానం. అప్పటిదాకా తీవ్రమైన అప్నియాకు ఉన్న గట్టి చికిత్స గొంతుకు రంధ్రం చేయడమే. యంత్రం ఎంత మారినా సూత్రం ఈనాటికీ అదే. తగినంత ఒత్తిడి గొంతు దాకా చేరితే గోడలు అదరవు. మాస్కు పెట్టుకున్న మనిషి గురక పెడుతున్నాడంటే ఒత్తిడి చాలడం లేదనో, గొంతు దాకా చేరడం లేదనో ముందు అనుమానించాలి.

నిద్ర ప్రయోగశాలల్లో అలాగే అనుమానిస్తారు. రోగికి ఎంత ఒత్తిడి కావాలో తేల్చే రాత్రి పరీక్షకు అమెరికన్ నిద్రవైద్య అకాడమీ 2008లో నియమావళి రాసింది. 4 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టాలి. కనీసం అయిదేసి నిమిషాల వ్యవధితో మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోవాలి. పెంచడానికి కారణాలుగా అప్నియా, హైపాప్నియా, నిద్ర చెదరగొట్టే శ్రమశ్వాసలతో పాటు గురకనూ విడిగా పేర్కొన్నారు. పన్నెండేళ్ళు దాటినవాళ్ళు మూడు నిమిషాలకు తగ్గకుండా స్పష్టంగా, బిగ్గరగా గురక పెడితే ఒత్తిడి ఒక మెట్టు పెంచవచ్చు. అంటే రాత్రి రెండింటికి ల్యాబులో టెక్నీషియన్ చేత మీట తిప్పించే శబ్దమే, వారం తిరిగేసరికి ఇంటి పడకగదిలో పట్టించుకోనక్కర్లేని శబ్దం అయిపోతోంది. మారింది వినే మనిషే గానీ గొంతు కాదు.

ఇంతకీ తెర మీది ఏహెచ్‌ఐ దేన్ని లెక్కపెడుతుంది? గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగింది, ఎన్నిసార్లు సన్నగిల్లింది అన్నదే లెక్క. గురక అందులో లేదు. ల్యాబులో ఈ లెక్కకు తలకు, ఛాతీకి, వేలికి తీగలు ఉంటాయి. మెదడు తరంగాలు చూసి నిద్రపోయిన సమయాన్నే లెక్కలోకి తీసుకుంటారు, రక్తంలో ఆక్సిజన్ పడిపోవడాన్ని కొలుస్తారు. ఇంట్లో యంత్రానికి ఇవేవీ తెలియవు. గొట్టంలో గాలి పోకడను చూసి అంచనా కడుతుంది, మనిషి మెలకువగా దొర్లిన సమయాన్నీ నిద్రలో కలిపేస్తుంది. ఎనిమిది గంటలు మాస్కు పెట్టుకుని ఆరు గంటలే నిద్రపోయిన మనిషికి 36సార్లు ఊపిరి దెబ్బతింటే యంత్రం 4.5 చూపిస్తుంది, అసలు లెక్క 6. జబ్బు ఉందనడానికి పెట్టిన గీత అయిదు. ల్యాబు కొలతకు గీసిన ఆ గీతనే తెచ్చి యంత్రం అంచనాకు తగిలించారు.

సగటుతో ఇంకో చిక్కుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు, కలల నిద్రలో ఉన్నప్పుడు గొంతు ఎక్కువగా ముడుచుకుంటుంది. కలల నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. ఏడు గంటల రాత్రిలో ఆరు గంటలు ప్రశాంతంగా గడిచి, చివరి గంటలో ముప్పైసార్లు ఊపిరి ఆగితే సగటు 4.3 దగ్గర తేలుతుంది. ఆ ఒక్క గంటనే విడిగా చూస్తే అది తీవ్రమైన అప్నియా. పక్కన పడుకున్నవాళ్ళు లేచి కూర్చునేది ఆ గంటలోనే. వాళ్ళు చెప్పేదీ, యంత్రం చెప్పేదీ రెండూ నిజాలే, కాకపోతే ఇంటివాళ్ళు గంట సంగతి చెబుతున్నారు, యంత్రం రాత్రి సంగతి చెబుతోంది.

లీకు విషయంలో అంకె మరీ బలహీనం. మాస్కు పక్కల నుంచో, తెరుచుకున్న నోటి నుంచో గాలి పెద్దఎత్తున పోతున్నప్పుడు గొంతులో ఒత్తిడి పడిపోతుంది, గురక తిరిగి మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే ఊపిరి పోకడను అంచనా కట్టడం యంత్రానికి కష్టమవుతుంది, కొన్ని అవరోధాలు దాని లెక్కకు అందవు. అంకెను అన్నిటికంటే తక్కువ నమ్మవలసిన వేళలోనే అంకెను చూపించి ఇంటివాళ్ళ నోరు మూయిస్తున్నారు. ఒత్తిడిని తామే సర్దుకునే ఆటో యంత్రాలు చాలావరకు గురక కంపనాన్నీ, లీకునూ నిమిషాలవారీగా మెమరీ కార్డులో రాసుకుంటాయి. ఆ కార్డును విప్పి చూసేవాళ్ళు తక్కువ. తెర మీద నవ్వు బొమ్మ కనిపిస్తే సరిపెట్టుకునేవాళ్ళే ఎక్కువ.

చెన్నైలో గురక కొద్దిమంది బాధేం కాదు. మధుమేహ నిపుణుడు డాక్టర్ వి. మోహన్ బృందం నగరవాసుల నుంచి 358 మందిని తీసుకుని చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. అందులో గురక ఉన్నవాళ్ళు 40 శాతం, పగటిపూట మగత ఉన్నవాళ్ళు 59 శాతం. గురక పెట్టేవాళ్ళలో గుండెకు, జీవక్రియకు సంబంధించిన ముప్పులు ఎక్కువగా కనిపించాయి. గురక ఉన్న ప్రతివారికీ అప్నియా ఉంటుందని కాదు గానీ, మధుమేహం ఇంతగా పాతుకుపోయిన ఊళ్ళో గురకను గాఢనిద్రకు గుర్తుగా చూసే అలవాటు ఖరీదైనదే. సంగీత దర్శకుడు బప్పీ లహిరి 2022 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు వైద్యులు అప్నియా పేరు చెప్పారు. గ్యాంగ్ లీడర్ సినిమా పాటలు ఎరిగిన తెలుగు ఇళ్ళకు ఆ మాట అలా చేరింది. జబ్బు పేరు తెలిసినంతగా, యంత్రం కొన్నాక ఏం చూసుకోవాలో తెలియలేదు.

ఒక్కోసారి తప్పు ఆ కొనుగోలులోనే మొదలవుతుంది. పరీక్ష కోసం నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై వచ్చేవాళ్ళకు చాలాసార్లు ఒకే రాత్రిలో రెండు పనులూ కానిస్తారు: సగం రాత్రి జబ్బు నిర్ధారణ, మిగతా సగం ఒత్తిడి నిర్ణయం. రెండో సగంలో రోగి వెల్లకిలా పడుకుని కలల నిద్రలోకి వెళ్ళకపోతే, అత్యంత కష్టమైన స్థితికి ఎంత ఒత్తిడి కావాలో ఆ పరీక్ష చెప్పలేదు. కొందరికి ఆ సగం రాత్రి కూడా ఉండదు. ఆటో యంత్రాన్ని తయారీదారు పెట్టిన 4 నుంచి 20 దాకా అలాగే వదిలేసి, 'అదే చూసుకుంటుంది' అని చేతికిస్తారు. అది చూసుకునే తీరు వేరు. 10 కావలసిన గొంతుకు 4 దగ్గర మొదలుపెట్టి, గురకో అవరోధమో వచ్చాక మెల్లగా ఎక్కుతుంది, శాంతించగానే మళ్ళీ దిగుతుంది, దిగాక మళ్ళీ గురక వస్తుంది. దిగువ హద్దును రోగికి తగినట్టు పెంచితే ఈ ఎక్కి దిగడం తగ్గుతుంది. నిద్ర పట్టేదాకా ఒత్తిడి తక్కువగా ఉంచే ర్యాంప్ సౌకర్యం ముప్పావుగంటకు పెట్టి ఉంటే, పది నిమిషాల్లో నిద్రపోయే మనిషి మిగతా సమయమంతా దాదాపు చికిత్స లేకుండానే ఉంటాడు. రాత్రి మొదట్లోనే వినబడే గురకకు చాలావరకు కారణం ఇదే, సరిచేయడానికి రెండు నిమిషాలు చాలు.

లీకుకు తిరిగి వస్తే, అసలు గొడవంతా నోటి దగ్గరే. ముక్కు మాస్కు పెట్టుకుని నోరు తెరిచి నిద్రపోతే గాలి ముక్కులోంచి వచ్చి నోట్లోంచి బయటికి పోతుంది. పొద్దున లేచేసరికి నాలుక ఎండిపోయి ఉండటం దీనికి గుర్తు. దీనికి విరుగుడుగా వెంటనే ముక్కునూ నోటినీ కప్పే పెద్ద మాస్కు ఇస్తారు. కొందరికి అది మేలే. మరికొందరిలో ఆ మాస్కు పట్టీలు దవడను వెనక్కి నొక్కి, నాలుకను గొంతు మీదికి తోసి, ఇరుకును ఇంకా పెంచుతాయి. లీకు తగ్గించడానికి పట్టీలు బిగించేకొద్దీ గురక పెరగడం వింతగా కనిపిస్తుంది గానీ కారణం ఇంత సులువు. నోరు ఎందుకు తెరుచుకుంటోందని అడిగితే తరచుగా జవాబు ముక్కులో దొరుకుతుంది. దూలం వంకర, లోపల కండ పెరగడం, ఎలర్జీ. సముద్రపు తేమ ఉన్న చెన్నైలో పరుపుల్లో దుమ్ముపురుగులు బాగా బతుకుతాయి. మార్గళి మంచు, భోగినాటి పొగ కలిసిన జనవరిలో ముక్కు దిబ్బడలు మామూలే. ముక్కు మూసుకుపోయిన మనిషికి మాస్కులు మార్చడం కంటే ఈఎన్‌టీ డాక్టరుకు ఒకసారి చూపించడం నయం.

గురక కొంతకాలం ఆగి మళ్ళీ మొదలైతే వెతకవలసిన చోట్లు వేరు. ఒళ్ళు పెరిగిందా, రాత్రి మందు అలవాటైందా, నిద్రమాత్ర చేరిందా, మాస్కు సిలికాన్ అంచు మెత్తబడి సాగిపోయిందా, పళ్ళ సెట్టు తీసి పడుకోవడం మొదలైందా.

శబ్దమల్లా గురక కాదన్న మాట నిజం. మాస్కు రంధ్రాల్లోంచి విడిచిన ఊపిరి బయటికి పోయే సన్నటి హోరు ఎప్పుడూ ఉంటుంది, ఉండాలి కూడా. ఏసీ చల్లదనానికి హ్యూమిడిఫయర్ ఆవిరి గొట్టంలో నీళ్ళై చేరితే హుక్కాలా గుడగుడమంటుంది. గొట్టానికి గుడ్డ తొడుగు వేసినా, ఏసీ రెండు డిగ్రీలు పెంచినా అది పోతుంది. ఊపిరి వదిలేటప్పుడు పెదాలు పుఫ్ఫుమని తెరుచుకునే చప్పుడు నోటి లీకుదే. కరెంటు పోతే యంత్రం ఆగి అసలు గురకే వచ్చేస్తుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు చెన్నైలో వేళచ్చేరి, పళ్ళికరణై వైపు రోజుల తరబడి కరెంటు లేనప్పుడు బ్యాటరీ లేని యంత్రాలు మూలపడ్డాయి. అయితే ఇన్ని రకాల శబ్దాలు ఉన్నాయి కాబట్టి వినకూడదనడం తర్కం కాదు. ఏది ఏదో తేలాలంటే వినాల్సిందే. ఫోనును మంచం పక్కన పెట్టి రికార్డు చేసుకుంటే శబ్దం ఊపిరి తీసుకుంటున్నప్పుడా, వదులుతున్నప్పుడా, రాత్రి ఏ వేళలో, ఏ పక్కకు తిరిగినప్పుడు అన్నవి తెలుస్తాయి. మెమరీ కార్డులోని లీకు గీతతో దాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే సగం సమస్య తేలిపోతుంది.

ఇక్కడ ఇంటివాళ్ళ సాక్ష్యాన్ని తోసేయడం పెద్ద నష్టం. యంత్రానికి గొట్టంలోని గాలే తెలుసు, పక్కన ఉన్నవాళ్ళకు మనిషి తెలుసు. ఆడవాళ్ళ విషయంలో ఈ సాక్ష్యమూ కరువే. ఆడమనిషి గురక పెడుతుందని ఒప్పుకోవడమే చాలా ఇళ్ళల్లో నామోషీ, మాస్కు పెట్టుకున్నాక కూడా పెడుతోందని డాక్టరుతో చెప్పేదెవరు?

అంకెను నమ్మేవాళ్ళకు ఎదురుగా ఇంకో వర్గం ఉంది. గురక ఆగలేదు కాబట్టి యంత్రమే దండగ అని అటక ఎక్కించేవాళ్ళు. పైకి రెండూ విరుద్ధంగా కనిపిస్తాయి గానీ ఇద్దరూ వదిలేసిన పని ఒకటే. గురక ఎక్కడి నుంచి వస్తోందో ఎవరూ చూడలేదు. నిజానికి మొదటి వర్గమే రెండోదాన్ని తయారుచేస్తోంది. మూడుసార్లు ఫిర్యాదు చేసి మూడుసార్లూ అంకె చూపించి పంపిస్తే, నాలుగోసారి ఆ కుటుంబం క్లినిక్‌కు రాదు. వేలు పోసి కొన్న యంత్రం సంచిలోకి వెళుతుంది, గంటకు నలభైసార్లు ఆగే ఊపిరి మళ్ళీ నలభైసార్లు ఆగుతుంది. మిగిలిన గురకను సరిచేయాలి గానీ చికిత్సను ఆపకూడదు. చాలామందిలో కొంత గురకతో నడిచే సీపాప్ కూడా అసలు సీపాప్ లేకపోవడం కంటే ఎంతో మేలు.

అంకె పక్షాన ఒక బలమైన వాదన ఉంది. ప్రతి గురకకూ ఒత్తిడి పెంచుకుంటూ పోతే కడుపులోకి గాలి చేరుతుంది, లీకులు పెరుగుతాయి, కొందరిలో గొంతు తెరిచే ఉన్నా మెదడు ఊపిరిని ఆపే సెంట్రల్ అప్నియా తలెత్తుతుంది. ఇది నిజం. గాలిగొట్టం మీద మూతలా ఉండే ఎపిగ్లాటిస్ వెనక్కి వాలే కొద్దిమందిలో ఒత్తిడి పెంచితే మేలు జరగకపోగా పరిస్థితి విషమించవచ్చు కూడా. కానీ ఇది గుడ్డిగా ఒత్తిడి పెంచడానికి వ్యతిరేకమైన వాదన, వెతకడానికి వ్యతిరేకం కాదు. లీకు, మాస్కు, ముక్కు, పడక తీరు, దిగువ హద్దు, ర్యాంప్ అన్నీ చూశాకే ఒత్తిడి మాట రావాలి. అప్పటికీ ఆగకపోతే పూర్తి రాత్రి ల్యాబు పరీక్ష మళ్ళీ చేయించాలి. కొందరికి మత్తునిద్రలో సన్నటి కెమెరాతో గొంతు ఎక్కడ కూలుతోందో చూస్తారు. దవడను ముందుకు నిలిపే పళ్ళ పరికరం, టాన్సిల్స్‌కు శస్త్రచికిత్స వంటి దారులు అక్కడ తేలతాయి.

ఇంత చూశాకా కొందరికి సన్నటి గురక మిగిలిపోతుంది. ల్యాబు పరీక్షలో వెల్లకిలా పడుకున్న కలల నిద్రలో కూడా ఊపిరి సరిగానే ఉండి, ఆక్సిజన్ పడిపోకుండా, నిద్ర చెదరకుండా, పగటిపూట మగత లేకుండా ఉంటే ఆ శబ్దం కోసం ఒత్తిడి పెంచనక్కర్లేదు. పక్కవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుంటే సరిపోతుంది.