ముళ్లపొదా అడవే

2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట వైపు ఊళ్లు మునిగాయి, మనుషులు పోయారు, పశువులు కొట్టుకుపోయాయి. ఆ వారం టీవీలో కడప జిల్లాను చూసినవాళ్లకు అది మెట్టసీమ అంటే నమ్మబుద్ధి కాదు. అయినా అది మెట్టసీమే. నాలుగు రోజుల కుండపోత అనేది వాతావరణం. కనీసం 30 ఏళ్ల ఎండావానల సగటు అనేది శీతోష్ణస్థితి. ఈ తేడా బడిపిల్లలకు నేర్పుతాం గానీ, భూమి గురించి నిర్ణయాలు తీసుకునేటప్పుడు పెద్దలమే దాన్ని పక్కన పెట్టేస్తాం.

కడప ఉన్న రాయలసీమ పొడిగా ఉండడానికి కారణం పడమటి కనుమలు. అరేబియా సముద్రం నుంచి వచ్చే నైరుతి మేఘాలు ఆ కొండలెక్కేటప్పుడే కురిసేస్తాయి. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లు దాటి కురిస్తే, కొండల ఇవతలున్న అనంతపురానికి దక్కేది 550 అటూఇటూ. కడపను అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం వాయుగుండాలు కొంత ఆదుకుంటాయి. అవి ముఖం చాటేసిన ఏడాది అక్కడా కరువే.

ఈ వాన లెక్క రైతుకన్నా ముందు పొదలకు తెలుసు. రేగు, తుమ్మ, చండ్ర, కలివి: అన్నీ చిన్న ఆకులవే, అన్నిటికీ ముళ్లే. ఆకు చిన్నదైతే నీరు తక్కువ ఆవిరవుతుంది. ముల్లుంటే మేకలు మొక్కను మొదలంటా మేయలేవు. మనకు ఎండిపోయినట్టు కనిపించే ఆ పొద తొలకరి దాకా ఓపిక పట్టి ఉంటుంది, అంతే. భూగోళ శాస్త్రంలో సహజ ఉద్భిజ్జాలని చదువుకున్నది దీన్నే. నన్నడిగితే ఆ పాఠం అమెజాన్ అడవులతో కాక కడప జిల్లా సిద్ధవటం గుట్టలతో మొదలుకావాలి.

ఆ పొదల్లోనే కలివికోడి అనే పిట్ట ఉంది. 19వ శతాబ్దం మధ్యలో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దాన్ని లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఒక పిట్ట స్థానికుల చేతికి చిక్కింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్ అది కలివికోడేనని తేల్చారు. దాని కోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది. రాత్రిపూట తిరిగే పిట్ట కావడంతో, పరిశోధకులు మెత్తటి మట్టి పరిచి దాని మీద పడ్డ అడుగుజాడల్ని బట్టి ఆచూకీ తీశారు. అప్పుడు తేలిన సంగతి నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. ఈ పిట్టకు దట్టమైన అడవి పనికిరాదు, బోడి నేలా పనికిరాదు. హెక్టారుకు 300 నుంచి 700 పెద్ద పొదలు, వాటి మధ్య పరిగెత్తడానికి ఖాళీ నేల ఉండాలి. పొదలన్నీ నరికేస్తే దానికి చోటుండదు. చెట్లు నాటి దట్టం చేసినా ఉండదు.

అందుకే, పచ్చదనం పేరుతో ఇలాంటి పొదలను యంత్రాలతో పెకలించి, గుంటలు తీసి, వరుసలుగా మొక్కలు నాటడం మంచిపనని నేను ఒప్పుకోలేను. అక్కడి వానకు ఆ మొక్కలు బతకవు. ట్యాంకర్లతో నీళ్లుపోసి బతికించినా అది ఆ నేల అడవి కాదు. అన్ని చోట్లా నాటవద్దని కాదు నా మాట. ఊరి రోడ్ల పక్కన, బడి ఆవరణల్లో, చెరువుకట్టల మీద వేపా కానుగా ఎన్నయినా నాటవచ్చు.

తెలుగుగంగ కాలువ కలివికోడి తిరిగే చోటుకు చేరువగా వచ్చినప్పుడు, పరిశోధకులు పట్టుబడితే కాలువ దారి మార్చారు. సాగునీటి కాలువకే సాధ్యమైనది మొక్కల గుంటలకు ఎందుకు సాధ్యం కాదు? గుంట తవ్వేముందు ఆ నేల మీద ఇప్పుడేముందో అటవీ సిబ్బంది, అక్కడ మేకలు కాసేవాళ్లు కలిసి తిరిగి రాసుకోవాలి. ఆ జాబితాను పంచాయతీలో చదివి వినిపించాకే పని మొదలుపెట్టాలి.