నేపాళము నాటు ముందు

గజపతినగరమువంటి చిన్న పట్టణములకు సయితము పూలకుండీల మోజు వచ్చినది. ముంగిళ్లన్నియు సిమెంటుతో నిండిపోవుచున్న ఈ దినములలో ఒక పచ్చని మొక్కను పెంచు గృహస్థుని మేము మెచ్చుకొందుమే గాని ఆక్షేపింపము. కాని కొనువాడు పువ్వును చూచి కొనుచున్నాడు. మొక్క పుట్టుపూర్వోత్తరముల నడుగుట లేదు. అమ్మువాడును చెప్పుట లేదు. మా యభ్యంతర మంతయు ఇక్కడనే యున్నది.

జట్రోఫా జాతినే తీసికొందము. ఏడాది పొడవునను ఎఱ్ఱని పూలు పూయుచు సీతాకోకచిలుకలను రప్పించు పొద క్యూబా ప్రాంతమునుండి వచ్చినది. బుడ్డివలె ఉబ్బిన మొదలుతో కుండీలో కూర్చుండునది మధ్య అమెరికాది. మొదటిదానికి ఎండ కావలెను. కొమ్మ నాటినను బ్రతుకును. రెండవది తన కడుపులోనే నీరు దాచుకొనును గనుక మితిమీరి పోసినచో కుళ్లిపోవును. చూపునకు రెండును చక్కనివే. వీనికి అన్నవంటిది మన చేల గట్లమీది అడవియాముదము. దీనిని పలువురు నేపాళ మందురు. వైద్యులు జయపాలమని చెప్పు నేపాళము వేఱు. ఇదియు మధ్య అమెరికానుండి పోర్చుగీసువారి యోడలతో తూర్పుదేశములకు వచ్చినదని పండితులు చెప్పుదురు. 1753లో లినేయసు దీని జాతికి పేరుపెట్టినప్పుడు గ్రీకుభాషలోని 'వైద్యుడు', 'ఆహారము' అను రెండు మాటలను కలిపెను. ఆహారమైనచో మాత్రము వైద్యుని పిలువక తప్పదు!

పశువులు దీనిని ముట్టవు. అందుచేతనే మన పెద్దలు కంచెగా నాటినారు. పశువు మూతి పెట్టని దానిని పసివాడు నోట బెట్టుచున్నాడు. గింజ చేదుగా నుండదు. పప్పువలె కమ్మగా నుండును. కర్సిన్, ఫోర్బాల్ ఎస్టర్లు అను విషపదార్థము లందు గలవు. కొలది గింజలకే వాంతులు, విరేచనములు, కడుపుమంట కలుగును. బడిపిల్లలు గుంపుగా తిని ఆసుపత్రి పాలైరను వార్తలు మన దేశములో పలుమార్లు వచ్చినవి. కుండీలలోని చుట్టపు మొక్కల గింజలును తినదగినవి కావు. మరియొక చుట్టమగు ఎఱ్ఱాకుల నేలాముదము ఆస్ట్రేలియాలో కలుపై వ్యాపింపగా అచటివారు దానికి 'కడుపునొప్పి పొద' యని పేరుపెట్టినారు.

విదేశీయమనియే మేము దీనిని నిందించుట లేదు. బంతియు, పచ్చగన్నేరును అమెరికానుండి వచ్చినవే. గన్నేరు విషమే, ఐనను గన్నేరుపప్పు ప్రాణాంతకమని పల్లెలలో పిల్లలకును తెలియును. ఆ ఎఱుక మన భాషలోనే కలసిపోయినది. నేపాళమునుగూర్చి అట్టి యెఱుక ఇంకను కలుగలేదు.

కలుగకపోవుటకు ప్రభుత్వమువారి ప్రచారమును కొంత కారణమని మా యభిప్రాయము. 2003లో ప్రణాళికా సంఘపు కమిటీ ఈ మొక్కను డీజిలు నిచ్చు కల్పవృక్షముగా చూపెను. 2017 నాటికి ఇరువది పాళ్లు జీవ ఇంధనము కలుపవలెనని 2009 నాటి జాతీయ విధానము ఆశపడెను. బంజరులో నాటిన మొక్క బ్రతికెను గాని కాయలు చాలినన్ని కాయలేదు. కాయలన్నియు ఒక్కసారి పండవు గనుక ఏరుకూలి పెరిగెను. పిండి విషమగుటచే పశువులకును పనికిరాలేదు. 2018 నాటి విధానము జీవ డీజిలు విషయమున 2030 నాటికి అయిదు పాళ్లతో సరిపెట్టుకొనెను. నూనెగింజల చెట్టే కావలెనన్నచో వాగులవెంట తనంతట పెరుగు కానుగ మనకు లేదా? దాని నీడ పశువులకు, పిండి చేలకు, వేళ్లు నేలకు ఉపకరించును.

మా కోరిక పెద్దది కాదు. నర్సరీలవారు విషపు మొక్కల కుండీలకు ఆ సంగతి తెలుగులో వ్రాసి కట్టవలెను. పాఠశాలల, అంగనవాడీల ఆవరణలలోను, వాని కంచెలలోను ఉన్న అడవియాముదమును పంచాయతీలు పెకలింపింపవలెను. ఏ బిడ్డయైనను గింజ తిన్నచో నాటువైద్యముతో కాలము గడుపక, వాంతి చేయింపక, ఆ కొమ్మనో కాయనో వెంట దీసికొని వెంటనే ఆసుపత్రికి పోవలెను.

పనికి ఇదే తరుణము. అడవియాముదము వానలలో పూచును. ఆ కాయలు పండునాటికి బడులు తెఱచియే యుండును.