పశువు కడుపులోని పాఠము

పశువులను గూర్చిన విద్య చిన్నవిద్య యని తలచువారు కొందరు కలరు. ఆకాశమున రాకెట్టును నడుపువారికి దక్కు కీర్తి, ఆవు కడుపులోని ద్రవమును పరీక్షించువారికి దక్కదు. ఈ తలంపు సరియైనది కాదు. ఆస్ట్రేలియాలో పనిచేసిన రేమండ్ జోన్స్ అను శాస్త్రజ్ఞుని కృషియే ఇందుకు నిదర్శనము.

సుబాబుల్ చెట్టు మన రైతులకు క్రొత్తది కాదు. ఉమ్మడి కృష్ణా, ప్రకాశము జిల్లాలలో దీనిని కాగితపు పరిశ్రమకై విరివిగా పెంచుచున్నారు. దీని జన్మభూమి మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములు. దీని ఆకులలో మాంసకృత్తులు సమృద్ధిగా నుండును. వేరు లోతుగా దిగుటచే ఎండలకును చెట్టు తాళుకొనును. కాని ఆ ఆకులలో మైమోసిన్ అను విషపదార్థ మొకటి కలదు. నెమరువేయు పశువు పెద్దకడుపులోని సూక్ష్మజీవులు దానిని మరియొక పదార్థముగా మార్చును. అది కంఠమందలి థైరాయిడ్ గ్రంథికి హాని చేయును. ఆస్ట్రేలియాలో ఈ మేతను ఎక్కువగా తిన్న పశువులకు వెంట్రుకలు రాలెను, గొంతు వాచెను, బరువు తగ్గెను. ఇది విషపుచెట్టు, దీనిని విడుచుటయే మేలని తీర్పు చెప్పుట సులభము.

జోన్స్ ఆ తీర్పుతో తృప్తిపడలేదు. హవాయి దీవులలోని మేకలు ఈ ఆకునే మేసియు ఆరోగ్యముగా నుండెను. ఇచట కీడుచేయు మేత అచట ఏల కీడు చేయదు? భేదము మేకల కడుపులో నుండవచ్చునని ఆయన ఊహించి, పరీక్షించి, 1981లో తన అభిప్రాయమును ప్రకటించెను. ఆ విషమును విరుగగొట్టు సూక్ష్మజీవులు హవాయి మేకలలో కలవు. ఆస్ట్రేలియాలో పరీక్షించిన పశువులలో అవి కానరాలేదు. హవాయి మేకలనుండి తెచ్చిన ఆ జీవులను ఆస్ట్రేలియా పశువుల కడుపులో ప్రవేశపెట్టగా విషబాధ తొలగెను. ఈ ఫలితమును జోన్స్, ఆయన సహచరుడు మెగారిటీ 1986లో వెల్లడించిరి. తరువాత క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున ఈ జీవులను పెంచి రైతుల కందించు ఏర్పాటు జరిగెను. 1992లో శాస్త్రజ్ఞులు ఆ సూక్ష్మజీవికి జోన్స్ పేరిట 'సినర్జిస్టిస్ జోన్సియై' అని నామకరణము చేసిరి.

కథ అంతటితో ముగియలేదు. ఇట్టి జీవులు ఇతర దేశముల పశువులలోను కలవనియు, విషమును అణచుటలో కాలేయమునకును పాత్ర కలదనియు తరువాతివారు కనుగొనిరి. ఇందువలన జోన్స్ కృషికి లోపము లేదు. ఒకరు తెరచిన త్రోవలో మరియొకరు ముందునకు సాగుటయే విజ్ఞానముయొక్క పద్ధతి.

ఆయన చెట్టును మార్చలేదు, పశువును మార్చలేదు. రెండుచోట్ల గల భేదమును ఓర్పుతో విచారించెను. ఒక వస్తువున దోషము కనబడినంతనే దానిని పారవేయుట అవివేకము. ఆ దోషము ఏచోట కలుగుచున్నదో, ఏచోట కలుగుట లేదో విచారించుట వివేకము. మేత కొరవడిన పశువు పాలీయదు. పశువు చిక్కినచో సేద్యగాని యిల్లు నిలువదు. కావున మూగజీవి యాకలిని గూర్చి జీవితకాలము శ్రమించిన పండితుడు ఏ గొప్ప శాస్త్రజ్ఞునికిని తీసిపోడు.