లెక్కా పత్రం: ఓడ గ్యాస్‌కు అప్పగింతలు

పోయిన సంచికలో అద్దె ఇంటి అగ్రిమెంటు గురించి రాసినప్పుడు, చిన్న అక్షరాల్లో ఉన్నదే పెద్ద సంగతి అన్నాను. ఈసారి అంతకంటే చాలా పెద్ద కాగితం ఒకటి ముందేసుకుందాం. ఓడల్లో వచ్చే ఎల్.ఎన్.జి. గ్యాస్‌ను రేవు దగ్గర ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అప్పగించే ఒప్పందం అది. "మనకెందుకండీ ఆ గొడవ" అనుకోకండి. మహారాష్ట్రలో ఉన్నవారికి రత్నగిరి జిల్లా దాభోల్, తమిళనాడు వారికి ఎన్నూరు, ఒడిశా వారికి ధామ్రా, ఇవన్నీ ఆ ఓడలు వచ్చి ఆగే చోట్లే. కర్ణాటకలో అలాంటి రేవు లేదు గానీ దాభోల్ నుంచి బెంగళూరుకు 2013లోనే గొట్టం వచ్చింది. యానాం వారికైతే గ్యాస్ పాత చుట్టం. పక్కనే గాడిమొగ దగ్గర సముద్రం అడుగు నుంచి తీసిన గ్యాస్ ఒడ్డెక్కుతుంది. అయితే అది గొట్టంలో వాయువుగానే వస్తుంది కనుక దాని లెక్క వేరు.

ఎల్.ఎన్.జి. అంటే సహజవాయువును సున్నాకు 162 డిగ్రీలు దిగువకు చల్లార్చి ద్రవంగా మార్చినది. అలా మారిస్తే పరిమాణం ఆరు వందల్లో ఒక వంతుకు తగ్గుతుంది. అందుకే గొట్టం వెయ్యలేనంత దూరానికి కూడా ఓడలో పట్టుకుపోవచ్చు. దిగుమతి రేవులో దాన్ని పెద్ద ట్యాంకుల్లోకి దించి, మళ్ళీ వేడెక్కించి, వాయువుగా చేసి గొట్టాల్లోకి వదులుతారు. యూరియా కర్మాగారాలు, చమురు శుద్ధి కర్మాగారాలు, ఊళ్ళలో పైపు గ్యాస్ ఇచ్చే కంపెనీలు దీన్ని కొంటాయి.

సరే, సరుకు ఎక్కడ చేతులు మారుతుంది? ఇది మొదటి ప్రశ్న. మన పెళ్ళిళ్ళలో అప్పగింతలు ఆడపెళ్ళివారి ఇంట జరుగుతాయి. పిల్ల ఆ గడప దాటాక ప్రయాణం బాధ్యత మగపెళ్ళివారిది. ఎల్.ఎన్.జి.లో రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి అచ్చం మన పద్ధతే. అమ్మేవాడి రేవులో సరుకు ఓడలోకి ఎక్కే గొట్టపు మూతి, దాన్ని ఫ్లాంజ్ అంటారు, అది దాటగానే సరుకు కొన్నవాడిది. దారిలో తుఫాను వచ్చినా, ఓడ చెడినా, ఆ చింత కొన్నవాడిదే. దీనికి ఎఫ్.ఓ.బి. అని పేరు. రెండోది డి.ఇ.ఎస్. ఇందులో అమ్మేవాడే ఓడ తెచ్చి మన రేవులో నిలబెడతాడు. మన రేవు ఉక్కు చేతులు ఓడ గొట్టానికి బిగించిన ఆ ఫ్లాంజ్ దగ్గర సరుకు మనదవుతుంది. ఎదురుగా నిలబడి చూస్తే గుండ్రని ఇనుప చక్రం, చుట్టూ బోల్టులు, అంతే. కోట్ల డాలర్ల సరుకుకు హద్దురాయి అదే!

మన పెట్రోనెట్ కంపెనీ 1999లో ఖతర్‌తో ఏటా 75 లక్షల టన్నులకు 25 ఏళ్ళ ఒప్పందం కుదుర్చుకుంది. అది ఎఫ్.ఓ.బి. పద్ధతి. కాబట్టి ఓడలు కుదుర్చుకోవడం మనవాళ్ళ పనే అయింది. 'దిశ' అనే ఓడ 2004 జనవరి చివర్లో మొదటి సరుకు గుజరాత్‌లోని దహేజ్‌కు తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఈ ఒప్పందాన్ని 2028 నుంచి మరో 20 ఏళ్ళకు పొడిగిస్తూ సంతకాలయ్యాయి. పరిమాణం అంతే గానీ ఈసారి డి.ఇ.ఎస్. పద్ధతి. అంటే 2028 నుంచి అప్పగింతలు మన గుమ్మంలోనే. పత్రికలన్నీ ధర గురించి రాశాయి. ఈ మూడక్షరాల మార్పును పట్టించుకున్నవి తక్కువ.

ఇక కొలత. నాకు ఇందులో అన్నిటికంటే ముచ్చట గొలిపేది ఇదే. అంత పెద్ద రేవులో సరుకును కొలిచే పాత్ర ఏదనుకున్నారు? ఓడే! ఓడ కట్టినప్పుడే దాని ట్యాంకులను అంగుళం అంగుళం కొలిచి, ఎంత ఎత్తున ద్రవం ఉంటే ఎన్ని ఘనపు మీటర్లో పట్టికలు తయారుచేసి ధ్రువీకరిస్తారు. సరుకు దించే ముందు ట్యాంకుల్లో ద్రవం ఎత్తు, చల్లదనం, పీడనం చూసి రాసుకుంటారు. అమ్మేవాడి మనిషి, కొనేవాడి మనిషి, ఇద్దరికీ చెందని సర్వేయరు ఒకరు, ముగ్గురూ అక్కడే ఉంటారు. ఓడ ఏ పక్కకైనా ఒరిగి ఉంటే దానికో సవరణ. చలికి ట్యాంకు లోహం ముడుచుకుంటుంది కనుక దానికో సవరణ. దించడం అయ్యాక మళ్ళీ అదే తంతు. మొదటి లెక్కలోంచి రెండోది తీసేస్తే దిగిన పరిమాణం వస్తుంది. ట్యాంకును పూర్తిగా ఖాళీ చెయ్యరు. అడుగున కొంత ఉంచుకుంటారు. తిరుగు ప్రయాణంలో ట్యాంకు చల్లగా ఉండాలి కదా.

ఇంకో తిరకాసు ఉంది. ద్రవం బయటికి పోతుంటే ట్యాంకులో ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని నింపడానికి రేవు ట్యాంకుల నుంచి గ్యాస్‌ను వెనక్కి ఓడలోకి పంపుతారు. అది మన గ్యాసే. కనుక దాని విలువను బిల్లులో తగ్గించాలి. ధాన్యం కాటా వేశాక గోనె బరువు తీసేస్తారే, అలాంటిదే ఇదీ.

అయితే డబ్బు కట్టేది ఘనపు మీటర్లకూ కాదు, టన్నులకూ కాదు. సరుకులో ఉన్న వేడికి. పాల సొసైటీలో లీటర్లు చూసి ఊరుకోరు, వెన్న శాతం చూసి డబ్బిస్తారు కదండీ? ఒక దేశపు గ్యాస్‌లో ఈథేను, ప్రొపేను ఎక్కువ, ఇంకొకదానిలో తక్కువ. అందుకని సరుకు దిగుతున్నంతసేపూ గొట్టంలోంచి నమూనా తీసి, ఏ వాయువు ఎంతుందో యంత్రంతో తేల్చి, దాన్నిబట్టి సాంద్రత, వేడి లెక్కగడతారు. యూనిట్ పేరు ఎం.ఎం.బి.టి.యు. నోరు తిరగని ఆ మాట సుమారుగా మన వంటింటి సిలిండరు ఒకటిన్నరలో ఉన్న వేడి అన్నమాట. 'దిశ' లాంటి 1,38,000 ఘనపు మీటర్ల ఓడ నిండా ఇలాంటి యూనిట్లు 30 లక్షల పైచిలుకు పడతాయి. యూనిట్ 10 డాలర్లనుకోండి, ఒక్క ఓడ సరుకు 3 కోట్ల డాలర్లు. ఎంత జాగ్రత్తగా కొలిచినా అర శాతం అటూ ఇటూ అవుతుందని ఈ రంగంలో వారే ఒప్పుకుంటారు. 3 కోట్లలో అర శాతమంటే లక్షన్నర డాలర్లు. సాక్షుల్ని ఎందుకు నిలబెడతారో ఇప్పుడు తెలిసిందిగా!

ఇక తరుగు. ఎంత బందోబస్తు చేసినా ఓడ ట్యాంకుల్లో రోజుకు నూటికి ఒకటో ఒకటిన్నరో పదో వంతు ఆవిరవుతూనే ఉంటుంది. 'దిశ' అంత ఓడలో అది రోజుకు 200 ఘనపు మీటర్ల దాకా ఉండవచ్చు. అందువల్ల ఓడను వాకిట్లో నిలబెట్టడం ఇద్దరికీ నష్టమే. ఓడ వచ్చి "నేను సిద్ధం" అని నోటీసు ఇచ్చిన దగ్గరి నుంచి, లేదా ఒప్పందంలో రాసుకున్న గడియ నుంచి, గడియారం మొదలవుతుంది. దించడానికి సాధారణంగా ఒకటిన్నర రోజు గడువు. రేవు వల్ల అది దాటితే డెమరేజీ కట్టాలి, అదనంగా ఆవిరైన సరుక్కీ కట్టాలి. ఓడ వల్ల ఆలస్యమైతే ఆ కాలం ఓడ ఖాతాలోకి. వాతావరణం వల్ల అయితే ఎవరికీ లేదు. గూడ్సు షెడ్డు దగ్గర వ్యాపారం చేసిన ఇళ్ళవారికి ఇదంతా చిన్నప్పటి పాఠమే.

వాతావరణం అంటే దాభోల్ గుర్తొస్తుంది. 2013లో ఆ రేవు పని మొదలుపెట్టింది గానీ అలలకు అడ్డుగోడ పూర్తి కాలేదు. ఏళ్ళ తరబడి వానకాలమంతా ఓడలు అక్కడికి రాలేకపోయేవి. ఏ నెల ఏ ఓడ అన్నది ఏడాది ముందే రాసుకునే వ్యాపారంలో, మూడు నాలుగు నెలలు కొట్టేసి రాసుకోవడమంటే మాటలు కాదు.

పొలం మక్తాకు తీసుకున్నవాడు పంట పండినా పండకపోయినా మక్తా కొలవాల్సిందే. గ్యాస్ ఒప్పందాల్లో 'తీసుకో, లేదా డబ్బు కట్టు' అన్న షరతు అచ్చంగా ఇదే. 2014 మధ్య నుంచి ముడిచమురు ధర పడిపోయింది. ఖతర్ ఒప్పందంలో ధరకు ఆధారం చమురు ధరే అయినా, అది 60 నెలల సగటు. ఈ నెల ధర పడితే ఆ సగటు మెల్లగా దిగుతుంది. బజారులో గ్యాస్ 7 డాలర్ల దగ్గరుంటే మనకు పడేది 12, 13 డాలర్లు. మనవాళ్ళు సరుకు తీసుకోవడం తగ్గించారు. ఒప్పందం ప్రకారం కట్టవలసిన సొమ్ము 12,000 కోట్ల రూపాయల దాకా తేలింది. చివరికి 2015 డిసెంబరు 31న ఇరుపక్షాలూ సర్దుబాటు చేసుకున్నాయి. 60 నెలల సగటు పోయి 3 నెలల సగటు వచ్చింది, ధర సగానికి దగ్గరగా తగ్గింది. వదిలేసిన సరుకును మిగిలిన ఏళ్ళలో తీసుకునేటట్టు, ఏటా మరో 10 లక్షల టన్నులు కొనేటట్టు మాట ఇచ్చి ఆ సొమ్ము మాఫీ చేయించుకున్నారు. కొందరు దీన్ని మన గెలుపన్నారు, కొందరు ఖతర్ ఉదారతన్నారు. నాకైతే అది రెండూ కాదు. సరుకుకు గిరాకీ లేని రోజుల్లో పెద్ద ఖాతాదారుణ్ణి పోగొట్టుకోకూడదన్న లెక్క ఖతర్‌ది.

2022లో కథ తలకిందులైంది. ఉక్రెయిన్ యుద్ధంతో బజారు ధర ఆకాశానికంటింది. గెయిల్‌కు 2012 నాటి ఒప్పందం కింద గ్యాస్ ఇవ్వవలసిన సంస్థ గాజ్‌ప్రోమ్ కుటుంబం నుంచి జర్మనీ ప్రభుత్వం చేతికి పోయింది. సరుకు రావడం ఆగింది. గెయిల్ ఎరువుల కర్మాగారాలకు కూడా సరఫరా తగ్గించవలసి వచ్చింది. లండన్‌లో మధ్యవర్తుల ముందు 180 కోట్ల డాలర్లకు పైగా దావా వేస్తే, 2025 జనవరిలో 28.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. సరుకు ఇవ్వని అమ్మకందారు కట్టే పరిహారానికి చాలా ఒప్పందాల్లో ఒక పైహద్దు ఉంటుంది. బజారు ధర ఆ హద్దును మించి పెరిగితే, మాట తప్పి పరిహారం కట్టడమే అమ్మేవాడికి లాభం. కొనేవాడి మక్తాకు మాత్రం అలాంటి వెసులుబాటు తక్కువ. ఈ తక్కెడ నాకు సమంగా కనిపించదు.

రేవుకూ కొనేవారికీ మధ్య ఇంకో ఒప్పందం ఉంటుంది. కల్యాణ మండపం బుక్ చేసుకుని పెళ్ళి తప్పిపోయినా అద్దె కట్టాలి చూడండి, అదే 'వాడినా వాడకున్నా కట్టు' షరతు. ఏటా 50 లక్షల టన్నుల ధామ్రా రేవులో ఇండియన్ ఆయిల్ 30 లక్షలు, గెయిల్ 15 లక్షల టన్నుల చోటు ఇలా 20 ఏళ్ళకు తీసుకున్నాయి. అక్కడ మొదటి ఓడ 2023 ఏప్రిల్‌లో వచ్చింది. మండపం ఉంటే చాలదు, దారి కూడా ఉండాలి. కొచ్చి రేవు 2013లో సిద్ధమైతే మంగళూరు దాకా గొట్టం ప్రారంభమైంది 2021 జనవరిలో. అన్నాళ్ళూ ఆ రేవు చాలా భాగం ఖాళీగానే గడిపింది. 2019లో మొదలైన ఎన్నూరు కూడా గొట్టాల కోసం అలాగే ఎదురుచూసింది.

వచ్చే సంచికలో ఇంటి గుమ్మం దాకా వద్దాం. పైపు గ్యాస్ కనెక్షన్‌కు మీరు సంతకం పెట్టిన ఫారం దొరికితే తీసి పక్కన ఉంచుకోండి. డిపాజిట్టు, మీటరు అన్న మాటలున్న చోట పెన్సిలుతో గీత గీసి పెట్టండి.