అడిగి తెలుసుకుందాం: గుండులేని తుపాకి



మొన్న ఒక సాయంత్రం నేను అరుగుమీద కూర్చుని ఉండగా, మా ఓర్వకల్లు బడిలో ఏడవ తరగతి చదివే కుర్రవాడొకడు గుడ్డసంచి పట్టుకుని వచ్చాడు. వింత వస్తువులు పోగుచేయడమంటే వాడికి మహా సరదా. చెల్లని కాసులు, పరదేశపు తపాలాబిళ్ళలు, ఊరిబయట ఏరిన తెల్లని పలుగురాళ్ళు ఒక్కొక్కటే చూపించి, చివరకు చొక్కా జేబులోనుంచి ఒక ఇత్తడి తూటా తీశాడు.

"వంకలో ఇసుక తవ్వుతుంటే దొరికింది సార్. ఖాళీదే. దీనికి ఎంత వెల వస్తుంది?" అన్నాడు.

"ఖాళీదని నీకెవరు చెప్పారురా?" అన్నాను.

వాడు నీళ్ళు నమిలాడు. దాన్ని మెల్లగా దొడ్డిమూల కిందపెట్టించి, వాణ్ణి ఇవతలికి పిలిచి, పోలీసు ఠాణాకు కబురు చేశాను. ఠాణావారు వచ్చేలోగా వాడికి చెప్పిన సంగతులే ఈ మాసం మీకూ చెబుతున్నాను.

తుపాకి అయినా, ఫిరంగి అయినా చేసే పని ఒక్కటే. గొట్టంలో మందు భగ్గున మండుతుంది. పుట్టిన వాయువుకు లోపల చోటు చాలదు. అది గుండును ముందుకు తోసి బయటపడుతుంది. వినడానికి ఇంత తేలిక! కాని ఆ గొట్టం పోతపోయడం ఎంత కష్టమో తెలియాలంటే మన కడప జిల్లాలోని గండికోటకు వెళ్ళాలి.

గోలకొండ సుల్తాను వద్ద మంత్రిగా, సేనాపతిగా ఉన్న మీర్ జుమ్లా గండికోటను గెలుచుకున్నాడు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు అక్కడికి వచ్చి, తాను చూసినవీ విన్నవీ వ్రాసిపెట్టాడు. క్లోడ్ మాయీ అనే మరొక ఫ్రెంచివాడు మీర్ జుమ్లా కొలువులో ఉండేవాడు. ఇరవై ఫిరంగులు పోతపోయమని అతనికి ఆజ్ఞ అయింది. అందుకోసం గుళ్ళలోని రాగి విగ్రహాలను సయితం తెప్పించారు. ఎంత ఖర్చుపెట్టినా గండికోట గుడిలోని ఆరు పెద్ద విగ్రహాలు మాత్రం కరగలేదు. పూజారులు మంత్రం వేశారని మీర్ జుమ్లా వారిమీద మండిపడ్డాడట!

"నిజంగా మంత్రమేనా సార్?" అన్నాడు కుర్రవాడు.

రాగి కరగాలంటే సుమారు 1085 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. అంత వేడి పెద్ద విగ్రహం నడిబొడ్డుదాకా నిలకడగా అందాలి. మూసలో రవ్వంత తడి ఉన్నా అది ఆవిరై, లోహంలో బుడగలు పడతాయి. బుడగ ఉన్నచోటే ఫిరంగి పగులుతుంది. పని చెడినప్పుడు "ఎక్కడ తప్పాము?" అని వెతకాలి గాని, మంత్రం మీదికి నెడితే లాభమేమిటి? చివరకు మాయీ ఒక్క ఫిరంగినీ సరిగా పూర్తిచేయలేక కొలువు వదిలి వెళ్ళిపోయాడు.

ఇక పరీక్షించి నెగ్గినవారి కథ. కడపసీమ కొంతకాలం మైసూరు ఏలికలైన హైదరాలీ, టిపూ సుల్తానుల చేతిలో ఉండేది. 1792 సంధితో నిజాముకు పోయింది. ఆ మైసూరు సేనలో ఒక వింత ఆయుధం ఉండేది. దీపావళినాడు మనం వదిలే తారాజువ్వకు అది అన్న వంటిది.

తారాజువ్వలో గుండును తోసే ఫిరంగి లేదు. మందు మండి వాయువు వెనక్కు దూసుకుపోతుంటే జువ్వ ముందుకు పోతుంది. కాగితపు గొట్టంలో మందును మరీ దట్టించి కూరితే, ఆ ఒత్తిడికి గొట్టమే పగిలిపోతుంది. మైసూరు పనివారు కాగితానికి బదులు ఇనుప గొట్టం వాడారు. ఇనుము ఎక్కువ ఒత్తిడికి ఓర్చుకుంటుంది. అందుచేత జువ్వ మరింత బలంగా దూసుకుపోయి, వెయ్యి గజాలకు పైగా వెళ్ళేది. దారి తప్పకుండా దానికి పొడుగాటి వెదురు కట్టేవారు.

1780లో కాంచీపురం దగ్గర పొల్లిలూరు యుద్ధంలో కంపెనీవారి మందుగుండు బండ్లు పేలిపోయి వారు ఓడారు. ఆ బండ్లకు నిప్పంటించినవి ఈ జువ్వలేనని చెబుతారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఇంగ్లీషువారు కొన్నిటిని తమ దేశానికి తీసుకుపోయారు. విలియం కాంగ్రీవ్ అనే ఆయన వాటిని పరిశీలించి, 1805 నాటికి తానూ రాకెట్లు చేసి చూపించాడు. 1963లో మన అబ్దుల్ కలాంగారు అమెరికాలోని వాలప్స్ దీవికి వెళ్ళినప్పుడు, అక్కడి రాకెట్ కేంద్రంలో టిపూ సైనికులు రాకెట్లు వదులుతున్న చిత్రపటం గోడమీద కనిపించిందట!

2018లో కర్ణాటకలోని నగర అనే ఊళ్ళో ఒక పాడుబావిని తవ్వితే, ఇటువంటి ఇనుప రాకెట్లు వెయ్యికి పైగా బయటపడ్డాయి. ఆ బావి మన్ను తుపాకిమందు వాసన కొట్టిందట. అన్నేళ్ళు నీటిలో, బురదలో నానినా మందు జాడ పోలేదు, చూశారా? వాటిని తీసినవారు పురావస్తు శాఖవారు. ఇసుక తవ్వుకునే పిల్లలు కారు!

వాడు సిగ్గుపడి దొడ్డిమూలకేసి చూశాడు.

"సార్, అందరికంటే ఎక్కువ ఆయుధాలు పోగుచేసిందెవరు?"

అదెవరో చెప్పలేను గాని, మన కర్నూలులోనే పోగుచేసి చెడినవాడున్నాడు. కొండారెడ్డి బురుజు మీరంతా చూసే ఉంటారు. ఆ కోటలో చివరి నవాబు గులాం రసూల్ ఖాన్. రహస్యంగా ఆయుధాలు కూడబెడుతున్నాడని అనుమానించి 1839లో కంపెనీవారు కోట సోదా చేశారు. అంతఃపురం ఆవరణలో సయితం ఫిరంగులు, మందుగుండు గుట్టలుగా బయటపడ్డాయి. అంత సరంజామా ఉండీ ఏం లాభం? నవాబు కోట విడిచి, పక్కనున్న జొహరాపురం చేరాడు. అక్టోబరు 18న అక్కడ జరిగిన పోరులో పట్టుబడ్డాడు. తిరుచిరాపల్లికి పంపిస్తే మరుసటి సంవత్సరమే అక్కడ హత్యకు గురయ్యాడు. కర్నూలు కంపెనీ పాలయింది.

చివరిది మా ఓర్వకల్లు సంగతే. మా మండలంలోని పాలకొలను వద్ద రక్షణ పరిశోధన సంస్థవారి పరీక్షాక్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్ 13న అక్కడ ఒక తుపాకిని పరీక్షించారు. దానికి మందు లేదు, గుండు లేదు! అది లేజర్ ఆయుధం. హైదరాబాదులోని ప్రయోగశాలవారు ముందుండి తయారుచేశారు. దాని శక్తి 30 కిలోవాట్లు. అంటే వెయ్యి వాట్ల కరెంటు పొయ్యిలు ముప్పై ఒక్కసారి వెలిగించినంత. ఆ శక్తినంతా సన్నని కాంతిరేఖగా చేసి, ఎగిరే డ్రోను మీద ఒకేచోట నిలిపితే, ఆ చోటు కాలి డ్రోను కూలిపోతుంది. కాంతి సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది గదా, ఏ గుండూ దానితో పోటీపడలేదు. అయితే దుమ్ము, పొగమంచు అడ్డువస్తే దాని బలం తగ్గుతుంది. అందుకే ఊళ్ళకు దూరంగా, విశాలమైన బయలులో, తెలిసినవారు, కొలిచి కొలిచి పరీక్షిస్తారు.

ఇంతలో హెడ్ కానిస్టేబుల్ గారు వచ్చి తూటాను పరిశీలించి, "ఖాళీదే మాస్టారూ" అన్నారు.

కుర్రవాడి మొహం వెలిగిపోయింది. "చూశారా సార్! నేను ముందే చెప్పాను!"

"చెప్పావు. కాని నీకు తెలియదు. ఊహించావు. ఊహ ఈసారి నిజమైంది, అంతే" అన్నాను.

బాలలారా, నా బడిలో చదివిన పిల్లవాడొకడు కూడా అలాగే ఊహించాడు. గడ్డివామిలో గుండ్రంగా చుట్టిన మూట దొరికితే బంతి అనుకున్నాడు. ఎవరో పగదీర్చుకోవడానికి దాచిన నాటుబాంబు అది. కుడిచేయి పోయింది. ఆ తరువాత మూడేళ్ళు వాడు నా ఎదుట ఎడమచేతితో అక్షరాలు దిద్దుకోవడం చూశాను. ఇప్పటికీ మరువలేను. ఇటువంటి వస్తువు కంటబడితే తాకకండి, తన్నకండి, నాలాంటి ముసలివాడికి చూపించడానికైనా సరే తీసుకురాకండి. అక్కడే వదిలి పెద్దలకు చెప్పండి.

రాకెట్ సరదా తీరాలంటే ఇది చేయండి. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు బిగువుగా దారం కట్టి, కట్టేముందే దానికి ఒక కాగితపు గొట్టం ఎక్కించండి. రబ్బరు బుడగ ఊది, మూతి పట్టుకుని, గొట్టానికి అతికించి వదలండి. ఎంతదూరం పోయిందో కొలవండి. చిన్నగా ఊది, పెద్దగా ఊది, పదిసార్లు చేయండి. పగిలిపోయినవీ, కదలనివీ కూడా పుస్తకంలో వ్రాయండి.

మా కుర్రవాడు అప్పుడే మొదలుపెట్టాడు. వాడి పుస్తకంలో మొదటి వరుస ఇది: "ఒకటోసారి: కదలలేదు. దారం వదులు."