పతకం అమ్మేముందు అంచు చదవండి

అటకమీద పాత ట్రంకుపెట్టె ఉన్న ప్రతి ఇంటికీ,

మా ముత్తాత పతకాన్ని మావాళ్లే అమ్ముకున్నారు. పెళ్లిఖర్చుకు చేతిలో డబ్బాడక, మూడు తులాల లోపు వెండి కింద తూయించి ఇచ్చేశారు. కొన్నాయన్ని తప్పుపట్టను, ఆయన కొన్నది వెండే. అది ఏమిటో తెలియనిది అమ్మిన మాకు. మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్లినవాళ్లకిచ్చిన ఆ పతకానికి ఒకపక్క రాజు బొమ్మ, ఇంకోపక్క గుర్రం మీద మనిషి. బొమ్మలు అందరివీ ఒకటే. అసలు సంగతి అంచు మీద ఉంటుంది: నంబరు, హోదా, పేరు, దళం. ఆ ఒక్క వరుస చీటీ మీద రాసిపెట్టుకున్నా, ముత్తాత ఏ దేశంలో ఏ దళంతో తిరిగాడో ఈపాటికి పట్టుకునేవాళ్లం.

అందుకే అడుగుతున్నాం. ప్రతి ఊరి గ్రంథాలయంలో యుద్ధ జ్ఞాపకాలకని ఒక పుస్తకం తెరవాలి. వస్తువు మీ ఇంట్లోనే ఉండనివ్వండి. దాని కథ మాత్రం పుస్తకంలోకి ఎక్కించండి.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి, సైన్యంలోకి వెళ్లినవాళ్ల వల్ల, మిలిటరీ మాధవరమనే పేరు స్థిరపడిపోయింది. ఆ ఊరికి పేరైనా మిగిలింది. రెండో యుద్ధంలో మన దేశం నుంచి సైన్యంలో చేరినవాళ్లు 25 లక్షలకు పైమాటే. మిగతా ఊళ్లవాళ్ల సంగతి ఎవరు చెప్పాలి? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. పేలకుండా మిగిలిన జపాన్ బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది. ఇనుము భద్రంగానే ఉంది. ఆ భయానికి పిల్లల్ని చంకనేసుకుని పల్లెలకు బండ్లు కట్టిన అమ్మమ్మల మాటలే ఎక్కడా లేవు.

పుస్తకంలో సైనికులే ఉండాలని లేదు. జపాన్ బర్మాను ఆక్రమించినప్పుడు రంగూన్ నుంచి అడవుల వెంట నడిచొచ్చినవాళ్లు ఉన్నారు. యుద్ధం తీరేదాకా బర్మాలోనే చిక్కుబడినవాళ్లూ ఉన్నారు. వాళ్ల పెట్టెల్లో జపాన్ ప్రభుత్వం అచ్చేసిన రూపాయి నోట్లు ఉంటే పిల్లల ఆటకు ఇచ్చేయకండి. యుద్ధం తరవాత ఆ నోటుకు చిల్లిగవ్వ రాలేదు నిజమే. ఆ నోటుతో ఏం కొన్నారో, ఎప్పుడు చెల్లకుండా పోయిందో చెప్పగలిగిన మనిషి మీ ఇంట్లో ఉంటే ఈ వారమే అడగండి.

అతిశయోక్తులు వస్తాయని కొందరంటున్నారు. రానివ్వండి. తాతయ్య ఒక్కడే పదిమంది శత్రువుల్ని పట్టుకొచ్చాడంటే అలాగే రాసి, ఆ మాట ఎవరు చెప్పారో పక్కన రాయండి. కాగితం మీద దొరికింది వేరుగా, నోటిమాట వేరుగా. మాకు పెద్ద బెంగ ఇంకొకటుంది. వంటవాడిగానో, కూలీ దళంలోనో, కంచరగాడిదలు తోలడానికో వెళ్లాడని సిగ్గుపడి దాచేసే ఇళ్లున్నాయి. మొదటి యుద్ధంలో కూలీ దళాలవాళ్లకు అదే పతకాన్ని కంచుతో చేసి ఇచ్చారు. వెండి కాదు కాబట్టి కొట్టులో దానికి ధర పలకదు. మా పుస్తకంలో మొదటి పేజీ దానికే.

పాతవస్తువులు సేకరించేవాళ్లను దొంగల్లా చూడొద్దు, కరగకుండా కాపాడింది చాలాసార్లు వాళ్లే. కానీ బాబూ, ఏ ఊళ్లో ఎవరి దగ్గర కొన్నారో రాసి దాంతోపాటే ఉంచండి. చరిత్ర విలువున్న నూరేళ్ల నాటి వస్తువును అనుమతి లేకుండా దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం కూడా.

ఒక హెచ్చరిక. తవ్వకాల్లో తుపాకీగుండు ఆకారంలో ఏది దొరికినా ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. అలాంటిది గ్రంథాలయానికి తేవద్దు.

దీనికి కొత్త నిధులేమీ అక్కర్లేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతూనే ఉన్నాం. ఒక గట్టి అట్ట పుస్తకం, ఒక బల్ల, ఆదివారం పూట రెండు గంటలు చాలు. గ్రామసభలో ఈ మాట తీర్మానంగా పెట్టించండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒక నకలు పంపుదాం. పాత డిశ్చార్జి కాగితాలు చదివిపెట్టమని మాజీ సైనికుల్ని పిలుద్దాం.

భూతద్దం మేం తెస్తాం. మీరు పతకాన్ని చింతపండు పెట్టి తోమకుండా ఒకసారి చూపించడానికి తీసుకురండి. అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి.